ఒక్కసారే అడిగే దేశం

తిరుమలగిరిలో ఎవరింటికి వెళ్లినా గుర్వమ్మ నోట వచ్చే మొదటి మాట "వద్దు". చాయ్ ఇస్తే వద్దు. కుర్చీ వేస్తే వద్దు, నిలబడతాలే. అన్నం పెడతామంటే ఇప్పుడే తిన్నాను. ఆ తర్వాత ఇంటివాళ్లు చెయ్యి పట్టుకొని లాగాలి, ఒట్టు పెట్టాలి, అలగాలి. అప్పుడు కూర్చొని, వద్దన్న కూరనే మారు వేయించుకుంటుంది. ఇందులో మోసమేమీ లేదు, ఆ ఊళ్లో మర్యాద అంటేనే అది. కాకపోతే మనుమలందరూ అవ్వ అని పిలిచే ఈ గుర్వమ్మ ఆ మర్యాదలో ఊరందరినీ మించిపోయింది.

అలాంటి మనిషి మాల్దీవులకు ఉద్యోగానికి పోయింది.

అవ్వ గొర్ల మంద ఉన్న ఇంట్లో పుట్టి, గొర్ల మంద ఉన్న ఇంటికే కోడలైంది. పిల్లలు పుట్టాక దూరవిద్యలో డిగ్రీ, ఆపైన బీఈడీ చేసి ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. కరోనా వచ్చి బడి మూతపడింది. మళ్లీ తెరిచాక పాత టీచర్లను ఎవరూ పిలవలేదు. దాంతో అవ్వ చీర పైకి దోపుకొని, భర్త లింగస్వామి తాతతో పాటు గొర్ల వెంట నడిచింది. గొర్రెపిల్లలకు ఎక్కాలు చెప్పిందని తాత అందరితో అంటాడు. అందులో సగం కల్పన. మిగిలిన సగం ఏమిటంటే, గొర్లు మేస్తుంటే ఆమె నల్లబండ మీద సుద్దరాయితో లెక్కలు వేసి, కొంగుతో తుడిచి, మళ్లీ వేసేది. బోర్డు ముందు మళ్లీ నిలబడకుండానే ముసలిదాన్నయిపోతానేమోనని ఆమె భయం. అందుకే ఫోనులో మాల్దీవుల బడి ప్రకటన చూసి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఇంటర్వ్యూ ఇచ్చి, యాభయ్యో ఏట విమానం ఎక్కింది.

బడివాళ్ల షరతు ఒకటే. మొదటి టర్ము పని చూస్తారు. నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే ఇంటికి పంపిస్తారు.

అది ఈ చివర పిలిస్తే ఆ చివర పలికేంత చిన్న దీవి. ఆమినత్ అనే ఆమె ఇంట్లో అవ్వకు గది ఇచ్చారు. ఆమినత్ సినిమాలు చూసి హిందీ నేర్చుకుంది, అవ్వది నల్లగొండ హిందీ. రెండూ కుంటుకుంటూనే కలిసి నడిచాయి. మొదటి సాయంత్రం ఆమినత్ పళ్లెంలో రొట్టెలు, కొబ్బరి కలిపిన చేప తురుము తెచ్చింది.

"తినండి."

"వద్దు, ఇప్పుడే తిన్నాను" అంది అవ్వ. ఆమె తిన్నది పొద్దున విమానంలో ఇచ్చిన బన్ను.

"అలాగా, సరే" అని ఆమినత్ పళ్లెం లోపలికి తీసుకుపోయింది.

అవ్వ వంటగది తలుపు వైపే చూస్తూ కూర్చుంది. పళ్లెం ఇప్పుడొస్తుంది, ఇంకాసేపట్లో వస్తుంది. చివరికి లోపలి నుంచి గిన్నెలు కడుగుతున్న చప్పుడు వచ్చింది.

ఆ రాత్రి తాత ఫోన్ చేశాడు.

"తిన్నవానే?"

"బిస్కట్లు తిన్న."

"గదేంది? ఆళ్లేం పెట్టలేదా?"

"పెట్టిన్రు. నేనే వద్దన్న."

"ఎన్నిమాట్ల అడిగిన్రు?"

"ఒక్కపారే" అంది అవ్వ ఏడుపు గొంతుతో.

తాత నవ్వుకు పక్కనున్న గొర్లు బెదిరాయట. "ఓ పంతులమ్మా, నీ ఏషాలు ఆళ్లకేం ఎర్క! జర సిగ్గిడిసిపెట్టి నోరు తెర్వు."

సిగ్గు విడవడానికి వారం పట్టింది. ఒకరోజు ఆమినత్ చేపల పులుసు తెస్తే, అవ్వ గోడవైపు తిరిగి "కావాలి" అంది, తప్పు చేసిన పిల్లలా. ఆమినత్ వడ్డించింది. మళ్లీ అడిగితే మళ్లీ వడ్డించింది. అంతే. ఒట్లు లేవు, అలకలు లేవు. ఇక్కడ వద్దంటే వద్దే, కావాలంటే కావాలే అని అవ్వకు తెలిసొచ్చింది. దేశం మర్మమంతా పట్టేసినట్టు పొంగిపోయి, ఆ తెలివిని నేరుగా తరగతి గదిలోకి తీసుకుపోయింది.

ఏడో తరగతికి భిన్నాలు చెప్పి, "అర్థమైందా? డౌట్లున్నాయా?" అని అడిగింది.

"లేవు, మిస్" అన్నారు పిల్లలు.

తిరుమలగిరి బడిలో అయితే ఆమె ఆ మాట నమ్మేది కాదు. ఒక్కొక్కరినీ లేపి, "ఏదీ, గది జేసి సూపెట్టు బిడ్డా" అని ప్రాణం తీసేది. ఇక్కడ లేవంటే లేవనే కదా! బోర్డు తుడిచి ముందుకు పోయింది. పాఠాలు గుర్రంలా పరుగెత్తాయి.

పరీక్ష పెడితే తరగతిలో ముప్పాతిక మంది తప్పారు. హెడ్‌మేడమ్ అవ్వను పిలిచి, నెమ్మదిగా, "సోమవారం మీ క్లాసులో కూర్చుంటాను. తర్వాత మాట్లాడుకుందాం" అంది. గట్టిగా అరిచినా అవ్వకు అంత భయం వేసేది కాదు.

ఆ సాయంత్రం దిగులు పోవడానికి అవ్వ సర్వపిండి చేసింది. ఊరి నుంచి తెచ్చుకున్న బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెలో అద్ది కాల్చింది. ఆమినత్ కూతురు షిఫా ఆ ఏడో తరగతిలోనే చదువుతుంది. వాసన పట్టుకొని వచ్చి గడపలో నిలబడింది. అవ్వ ఒక ముక్క పెడితే క్షణంలో తినేసింది.

"ఇంకో ముక్క?"

"వద్దు, మిస్."

వద్దంటే వద్దే కాబట్టి అవ్వ గిన్నె మూయబోయింది. కానీ పిల్ల కళ్లు మూతతో పాటే కిందికి దిగాయి. అవ్వకు అనుమానం వచ్చి, మాట్లాడకుండా ఇంకో ముక్క చేతిలో పెట్టింది. అదీ మాయమైంది.

"వద్దంటివి కదా?"

"వేరేవాళ్లు పెడితే రెండోసారి తీసుకోవద్దని అమ్మ చెప్పింది" అని షిఫా వేళ్లు నాకింది. కడుపు నిండాక ధైర్యం వచ్చినట్టుంది. "మిస్, భిన్నాలు నాకేమీ అర్థం కాలేదు. ఎవరికీ కాలేదు."

"మరి డౌట్లు లేవంటిరి?"

"మీరు ఒక్కసారే అడుగుతారు. అడిగి బోర్డు తుడిచేస్తారు."

అవ్వ అట్లకాడ కింద పెట్టింది. వంటగది ముందు తాను ఎదురుచూసినట్టే, ఈ పిల్లలూ పళ్లెం తిరిగి వస్తుందని ఎదురుచూశారన్నమాట!

సోమవారం హెడ్‌మేడమ్ వెనక బెంచీలో కూర్చుంది. అవ్వ ఒక లెక్క చెప్పి, "అర్థమైందా?" అంది. "అయింది, మిస్." "అబద్ధం" అంది అవ్వ. పిల్లలు బిత్తరపోయారు. ఆమె సుద్దముక్కతో బెంచీల మధ్యకు దిగింది, పెళ్లి పంక్తిలో కూర బకెట్టుతో దిగినట్టు. ఒకడి దగ్గర ఆగి "ఇది చెయ్యి", చేస్తే "ఇంకొకటి వేస్తున్నా", చాలంటే "ఈ చిన్నది ఒక్కటే, నా మాట విను". చేతులు అడ్డం పెట్టినా వదల్లేదు. మొదట నవ్వారు, తర్వాత గొణిగారు, తర్వాత ఒక్కొక్కరూ "మిస్, ఇక్కడ తెలియలేదు" అనడం మొదలుపెట్టారు. గంట కొట్టినా షిఫా పుస్తకం మూయలేదు.

పిల్లలు వెళ్లాక హెడ్‌మేడమ్ లేచి వచ్చింది. ఆమె ముఖంలో నవ్వుంది.

"గుర్వమ్మా, మీరు ఇక్కడే కొనసాగుతారా?"

ఉంటానన్న మాట అవ్వ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ యాభై ఏళ్ల అలవాటు దానికంటే ముందు నోట్లోకి వచ్చింది.

"అయ్యో వద్దులెండి మేడమ్, మీకెందుకు శ్రమ."

"అలాగా, సరే" అని హెడ్‌మేడమ్ బయటికి నడిచింది.

ఆ "అలాగా, సరే" ఎక్కడ విన్నదో అవ్వకు చప్పున గుర్తొచ్చింది. గిన్నెలు కడుగుతున్న చప్పుడు చెవిలో మోగింది. చీర కుచ్చిళ్లు రెండు చేతులా ఎత్తి పట్టుకొని, తప్పిపోయిన పొట్టేలు వెంట పడినట్టు వరండా పొడుగునా పరుగెత్తింది.

"మేడమ్! ఉంటాను! కావాలి! కావాలి!"

బడి మొత్తం కిటికీల్లోంచి చూసింది. హెడ్‌మేడమ్ చేతిలోని ఫైలు కింద పడింది. ఉద్యోగం మాత్రం పోలేదు.

ఆ సాయంత్రం తాత ఈ కథంతా విని నవ్వీ నవ్వీ దగ్గాడు. అతని వెనక గొర్ల అరుపులు వినిపించాయి.

"ఏమయ్యా, సెలవులకు నువ్వే ఈడికి రారాదు?" అంది అవ్వ.

"ఏ, నాకెందుకే. నేనొస్తే మందనెవలు సూస్తరు?"

"రా అంటున్న గద."

"వద్దు తియ్. ఆ నీళ్ల నడుమ నాకేం పని?"

అవ్వ నవ్వుకుంది. ఈ వద్దులు ఆమెకు కొత్తవి కావు. ఫోను ఇంకో చెవికి మార్చుకొని మళ్లీ అడిగింది.

"రాకుంటే నా మీద ఒట్టే. వస్తవా, రావా?"



"గట్లయితే... ఆ సర్వపిండి గిన్నె ఆడ్నే ఉంచు."