డ్రైవర్ని పిలవమన్నదెవరు?

మా మేనత్త సిటీ బస్సు కండక్టరు. బస్సు ఆపడానికి ఆవిడ "హోల్డాన్" అని ఓ కేక పెడితే పక్క వీధిలో సైకిళ్ళు కూడా ఆగిపోతాయి. అందుకే అందరూ ఆవిణ్ణి హోల్డానత్త అంటారు, వరసకి ఏమీ కానివాళ్ళు కూడా. ఆ గొంతుకి ఇంకో విద్య ఉంది. ఎవరి మాటనైనా అచ్చు దింపేస్తుంది. ఓసారి ఫోన్లో మా నాన్న గొంతుతో మాట్లాడి, సాయంత్రం సినిమాకి తీసుకెళ్తానని మా అమ్మకి మాటిచ్చేసింది. నాన్నకి తీసుకెళ్ళక తప్పలేదు.

ఇలా ఉండగా బస్సుల సంస్థ ఛైర్మన్ ఏడో నంబరు రూటు రద్దు చేశాడు. అది అత్త తిరిగే రూటే. ఆ సంగతి చెబుదామని స్టాపుకి వెళ్తే జనం ఆవిడ మీదే పడ్డారు.

"మీ ఛైర్మన్ జన్మలో బస్సెక్కాడా?" అని ఓ ఆస్పత్రి ఆయా నిలదీసింది.

అత్త టికెట్ల సంచి చంకలో సర్దుకుని, ముక్కు కాస్త పైకెత్తి, ఛైర్మన్ గొంతుతో అంది:

"బస్సు రాకపోతే ఏమైందండీ, డ్రైవర్ని పిలవండి. ఇంట్లో కారు దగ్గర ఖాళీగానేగా ఉంటాడు."

ముందున్నవాళ్ళు విరగబడి నవ్వారు. వెనకున్నవాళ్ళకి మనిషి కనబడలేదు, మాటే వినబడింది. చీకటి పడేసరికి అది గోడలెక్కింది. మర్నాడు ఆఫీసు గేటు ముందు జనం "డ్రైవర్ని పిలవండి" అని రాసిన అట్టలు పట్టుకుని ఛైర్మన్ని తిట్టిపోస్తున్నారు. పేరుమోసిన మాటలు ఎక్కడ పుట్టాయో వెతుక్కుని మరీ చదివే పిచ్చి నాది. అలాంటిదొకటి మా ఇంట్లోనే పుట్టిందంటే నేల మీద కాలు నిలవలేదు.

అత్తా మురిసిపోయింది, టైపిస్టు సంగతి తెలిసేదాకా. ఛైర్మన్ ఆ మాట ఏదో మీటింగులో అనుంటాడని, దాన్ని బయటికి మోసింది ఆయన దగ్గరి టైపిస్టేనని అనుకుని ఆ అమ్మాయిని పనిలోంచి ఆపేశారట. ఆ అమ్మాయి రోజూ ఏడో నంబరులో కిటికీ సీటు కోసం అత్తతో పోట్లాడేదే.

"వెళ్ళి చెప్పేస్తా" అంది అత్త.

"ఉద్యోగం ఊడితే ఏం చేస్తావు వదినా?" అంది అమ్మ.

"ఏముంది, మీ ఆయన గొంతుతో నీకు రోజుకో సినిమా చూపిస్తా."

నవ్వుతూనే అంది గానీ, యూనిఫాం గుండీలు ఒక కాజా తప్పించి పెట్టుకుంది. నేనూ వెంటపడ్డాను.

ఛైర్మన్ గది చల్లగా, మెత్తగా ఉంది. అడుగు వేస్తే తివాచీ మింగేస్తోంది.

"సార్, ఆ మాట మీరనలేదు. మీ గొంతుతో నేనన్నాను" అంది అత్త.

"నువ్వా? ఏదీ, అను."

అంది. వెంటనే ప్యూను తలుపు తోసుకుని వచ్చాడు. "డ్రైవర్ని పిలిచాను సార్. కారు కిందే ఉంది."

ఛైర్మన్ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "ఎక్కడన్నానా అని రెండు రోజులుగా బుర్ర బద్దలుకొట్టుకుంటున్నానమ్మా. మా ఆవిడైతే 'మీరే అనుంటారు' అని తేల్చేసింది."

"అనలేదని చెప్పేయండి సార్. ఆ పిల్లని పనిలోకి తీసుకోండి."

ఆయన బల్ల మీది పేపరు మా వైపు తిప్పాడు. ఆయన ఫోటో కింద పెద్దక్షరాలతో ఉంది: "నా మాటలను వక్రీకరించారు."

"ఇప్పుడు అసలు మాటే లేదంటే, మరి వక్రీకరించింది దేన్నయ్యా అంటారు కదా" అన్నాడు నీరసంగా.

అత్త పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. "అయితే ఆ మాట వెనక్కి తీసుకోండి సార్. పిల్లని రమ్మనండి, ఏడో నంబరు తిప్పండి. జనమే చల్లబడతారు."

"అనని మాట వెనక్కి తీసుకోవాలా?"

"అనని మాటని వక్రీకరించారన్నారు కదా సార్. ఇదెంత?"

ఆయన పేపరు మడిచి సొరుగులో పడేసి, బెల్లు కొట్టాడు.

ఏడో నంబరు మళ్ళీ తిరుగుతోంది. అత్త ఉద్యోగానికి ఢోకా లేదు. కాకపోతే ఆ మాట తనదంటే నమ్మేవాడు లేడు. మొన్న బస్సులో ఓ పెద్దాయన ఆవిడకే ఆ కథంతా చెప్పి, "స్వయంగా ఈ చెవులతో విన్నానమ్మా, ఛైర్మనే అన్నాడు" అన్నాడు. కిటికీ సీట్లో టైపిస్టు ముఖం బయటికి తిప్పుకుంది, భుజాలు మాత్రం ఊగిపోతున్నాయి.

"వినే ఉంటావులే బాబాయ్" అంది అత్త టికెట్ చింపుతూ. "కానీ 'అండీ' అన్నప్పుడు ముక్కు కొంచెం పైకెత్తాలి. ఏదీ, ఇంకోసారి."