సారు చార్జీ

ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న వేసవిలో, ఆర్మూరు పసుపు మార్కెట్ పక్కనున్న మా మేనమామ ఎస్టీడీ బూత్‌లో నన్ను కూర్చోబెట్టారు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు గొంతు పెగిలేది కాదు. బల్ల కింద ఒక నవల, నవల కింద డైరీ పెట్టుకునేదాన్ని.

మామ అప్పుడే ఒక పద్ధతి మొదలుపెట్టాడు. ప్రతి ఫోన్ బిల్లు మీద ఒక పావలా అదనం. ఆ పావలాలు జమచేసి, దవాఖానకో జీపుకో ఆపదలో ఫోన్ చేసేవాళ్ల దగ్గర ఏమీ తీసుకోకూడదని ఆయన ఆలోచన. బోర్డు నన్ను రాయమన్నాడు. ఇంగ్లీషు మాటయితే మర్యాదగా ఉంటుందని "సర్‌చార్జి పావలా" అని పెద్ద అక్షరాలతో రాశాను.

జక్రాన్‌పల్లి నుంచి పసుపు తెచ్చిన ఒక పెద్ద రైతు, నిజామాబాద్‌కు ఫోన్ చేసి ధర కనుక్కుని, బోర్డు చదివాడు.

"ఏ సారుకు బిడ్డా, గీ పావలా?"

వెనకున్న హమాలీలు పకపకా నవ్వారు. "ఫోన్ల లోపట కూసున్న సారుకు కాకా!"

విడమరిచి చెప్పాల్సింది పోయి, బల్ల కింది నవల తెరిచి తల దించుకున్నాను. ఆయన పావలా ఇవ్వకుండానే వెళ్లాడు; తర్వాత ధర కోసం రోజూ ఫోన్ చేసినా అంతే. ఆయన్ని చూసి చాలామంది పావలా ఇవ్వడం మానేశారు.

"ఐతారం దాక చూస్త. గిట్లనే లొల్లయితే బంద్ చేస్త," అన్నాడు మామ. "నువ్వన్న జర సమజ్ చెయ్యొద్దా?"

శుక్రవారం మధ్యాహ్నం మామ లేని సమయంలో, పసుపు ఏరే కూలామె ఒకతె పరుగెత్తుకొచ్చింది. మార్కెట్ షెడ్డులోనే కోడలికి నొప్పులు మొదలయ్యాయట. ఫోన్ ఏమో ఆ రైతు చేతిలోనే ఉంది, ధర మీద బేరం నడుస్తోంది.

"కాకా, ఫోన్ పెట్టు!"

అరిచింది నేనే. ఆయన బెదిరి పెట్టేశాడు. పెర్కిట్‌లోని జీపాయనకు నంబరు తిప్పి, "షెడ్డు కాడికి జల్ది రాండ్రి, కాన్పు!" అన్నాను.

కూలామె కొంగుముడి విప్పబోయింది.

"వద్దమ్మా, నలుగురు ఇచ్చిన పావలాలున్నయి. గందుకే తీసుకునేది."

రైతు బోర్డు వైపు చూశాడు. "అంటే... సారెవ్వరు లేడా?"

"లేడు కాకా. గిసొంటి ఆపదల కోసమే."

"గీ ముచ్చట మొన్ననే చెప్తే ఏం పోయింది పిల్లా? నోట్ల నాలుక లేదా?"

సాయంత్రం జీపాయన కబురు తెచ్చాడు. ఆడపిల్ల, తల్లీబిడ్డలు క్షేమం. హమాలీలు బూత్ ముందే ఈలలు వేశారు.

"మేడమ్ పుట్టిందా! ఇగో, మేడమ్ చార్జీ," అంటూ రైతు తను ఎగ్గొట్టిన పావలాలన్నీ బల్ల మీద పోశాడు. హమాలీలూ జేబులు తడుముకున్నారు. మామ ఆదివారం గడువు సంగతి మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు ఇందల్వాయి నుంచి వచ్చిన ఒకాయన బోర్డు చదివి, "ఏ సారుకు?" అన్నాడు. జవాబు చెప్పడానికి హమాలీలంతా ఒకేసారి నోరు తెరిచారు.

"జర ఆగుండ్రి, నేను చెప్త," అన్నాను.