గంప అడుగుదాకా చెయ్యి పెట్టిన బావ

అన్నయ్యగారూ, బాగున్నారా? మీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకండి. మామిడి సీజన్ కదా, తీరిక లేదేమో అనుకుని ఉంటారు. అది కాదు. మా బావగారు పోయారు. మా అక్క భర్త, థర్మల్ స్టేషన్‌లో పనిచేసేవారు, మా కొట్లో మీరూ చూశారు. ఊపిరి అందక పోయారు. చుట్టా బీడీ ముట్టని మనిషి.

నూజివీడు వస్తే చాలు, కాళ్ళైనా కడుక్కోకుండా చొక్కా చెయ్యి మడిచి గంపలోకి మోచేతిదాకా దూర్చేవారు. పైన పెద్ద కాయలు పేర్చి అడుగున చిన్నవి సర్దడం మన వ్యాపారంలో ఉన్నదే కదండీ. ఆయన ఆ అడుగు కాయే పైకి లాగి, బేరగాళ్ళ ముందు నా పరువు తీసేవారు.

"ఏం బావమరిదీ, మాకు బొగ్గు పంపేవాళ్ళు నీ దగ్గరే పని నేర్చుకున్నారా?"

"నా గంపలో పులుపు ఉంటే ఉండొచ్చు గానీ బావా, రాళ్ళు మాత్రం ఉండవు."

"అదీ నిజమేలే. నువ్వే నయం!"

ఆయన పని వ్యాగన్లలోంచి బొగ్గు నమూనాలు తీయించడం. పైపైన నాలుగు పారలు తీసి పరీక్షకు పంపేయడం అక్కడి అలవాటు. పైన నిగనిగలాడే బొగ్గు, కింద రాళ్ళూ మట్టీ. అదంతా బాయిలర్‌లో పడి బూడిదవుతుంది. పొగలోని బూడిదను పట్టి ఆపే పెద్ద యంత్రం ఒకటుంది గానీ, తాహతుకు మించి వచ్చిపడితే అదేం చేస్తుంది? ఆగనిదంతా గొట్టంలోంచి ఊరి మీదికే.

బావగారు మాత్రం నడుము లోతు తవ్విస్తే గానీ నమూనా తీయనిచ్చేవారు కాదు. అడుగు సరుకు బయటపడేసరికి పై అధికారికి ఒళ్ళు మండింది.

"కరెంటు ఆగిందేంటయ్యా? పొగదేముంది, గాలికి పోతుంది."

"ఎక్కడికీ పోవట్లేదండీ. మా ఇంట్లోకే వస్తోంది."

ఆ మాటకే ఆయన్ని బూడిద తొట్ల కిందికి మార్చారు. గడ్డకట్టిన వేడి బూడిదను ఊచలతో పొడిచి దింపే చోటది. ముక్కుకి తువ్వాలు తప్ప ఇంకేమీ లేదు. దగ్గు అక్కడే పట్టుకుంది. మానేసి వచ్చి కొట్లో కూర్చోమని నేనెంత పోరినా వింటేగా.

"నేనొచ్చేస్తే ఆ రాళ్ళు బొగ్గయిపోతాయా?" అనేవారు. అక్కడుంటే మాత్రం ఏమయ్యాయి? పైపైన నాలుగు పారలే తీస్తున్నారు ఇప్పటికీ.

పెద్దకర్మకు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. భోంచేసి, చెయ్యి తుడుచుకుంటూ అన్నాడు: "చాలా మంచాయనండీ. కాస్త మొండి, అంతే."

అక్క ఆయన వైపు చూడకుండానే అంది: "మీకు మొండి. మాకు ఆయనొక్కడే."

ఇంత కోపం ఎవరి మీద పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

ఆ పొగగొట్టం పక్కనే ఉన్న క్వార్టర్ ఖాళీ చేయించి అక్కని ఇక్కడికి తెచ్చేశాను. నిన్న బట్టలుతికి, తడి చీరలన్నీ గదిలో తాడు కట్టి ఆరేసింది. కిటికీలు బిగించేసింది. మా ఆవిడ, "వదినా, పెరట్లో అంత ఎండ ఉంటే లోపలేంటి?" అంది. అక్క ఒక చీర భుజాన వేసుకుని పెరటి గుమ్మందాకా వెళ్ళింది. కాసేపు ఆకాశం కేసి చూసి, ఆ చీర మళ్ళీ లోపలికే తెచ్చింది.

చింతలపూడి నుంచి మీరెప్పుడొస్తారు?