మైలుతుత్తం లెక్క

కెమిస్ట్రీ మేష్టారికి ఒకరి తప్పులు దిద్దడమంటే మహా సరదా, తన తప్పు ఒప్పుకోవడమంటే ప్రాణసంకటం. ఇరవై ఆరేళ్లుగా కాలేజీలో మొదటి ఏడాది వాళ్లకు పాఠం చెబుతున్నాడు. పాఠానికి ముప్పై లెక్కలు ఇచ్చి, వాళ్లు చేసుకొచ్చినవి తన జవాబుల కాగితం చూసి దిద్దుతాడు. ఆ జవాబులన్నీ ఏనాడో నోటిలెక్కగా వేసి రాసినవి. మళ్లీ సరిచూడటం చేతకానివాళ్ల పని అని ఆయన గొప్ప. పిల్లలు ఆయన చెవిన పడనంత దూరంలో ‘మోల్ మేష్టారు’ అనుకునేవారు.

ల్యాబులో గాజు సామాను కడిగే ఆవిడకీ వాళ్లే పేరు పెట్టారు, బ్యూరెట్టమ్మ అని. పదిహేనేళ్ల సర్వీసు. చేతివేళ్లు ఎప్పుడూ నీళ్లలో నాని ముడతలు పడి ఉండేవి. ఇప్పుడు ల్యాబ్ అసిస్టెంటు పోస్టుకి పరీక్ష పెట్టారు. ఇంకో ఏడు నెలల్లో ఆమెకి వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే ఆఖరి అవకాశం. పని అయ్యాక మేష్టారి క్లాసులో వెనక బెంచీలో కూర్చుని, ఆయనిచ్చే లెక్కలు రోజుకి పది చేసేది.

అందులో ఒక లెక్క: పావు లీటరు 0.1 మోలార్ మైలుతుత్తం ద్రావణం చేయడానికి నీలి పలుకులు ఎన్ని గ్రాములు తూచాలి? ఆమె 6.24 అని రాసింది. మేష్టారి కాగితంలో 3.99 ఉంది. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశాడు.

“నీలి పలుకులు కదా సార్, వాటిలో ఉండే నీళ్లు కూడా బరువే కదా?” అని అడిగింది.

“సీసాలు కడగడం వేరమ్మా, లెక్కలు చేయడం వేరు.”

క్లాసంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వేసి, ఎర్ర గీత పక్కన 3.99 రాసుకుంది.

సోమవారం పొద్దున ప్రాక్టికల్సుకి మైలుతుత్తం తూస్తుంటే మేష్టారి కళ్లు సీసా మీది ఫార్ములా, అణుభారం అంకెల మీద పడ్డాయి. ఒక్కో అణువుకీ ఐదు నీటి అణువులు అంటిపెట్టుకుని ఉంటాయని ఏటా బోర్డు మీద రాసే పెద్దమనిషి, తన కాగితంలో మాత్రం నీళ్లు లేని తెల్లపొడికి లెక్క కట్టాడు! ఆమె రాసిందే రైటు.

ఆమె పది అడుగుల దూరంలోనే బీకర్లు కడుగుతోంది. వెళ్లి చెప్పొచ్చుగా? చుట్టూ పిల్లలున్నారే, పరువేం కావాలి? మంగళవారం మీటింగు ఉందని తప్పించుకున్నాడు. బుధవారం మాట గొంతుదాకా వచ్చింది గానీ, “బాగా చదువుతున్నావా?” అని పలకరించి జారుకున్నాడు. మర్నాడే పరీక్షని గురువారం ఆమె సెలవు పెట్టింది.

అన్నం సహించక భార్యకి చెప్పాడు. “ఫోన్ చేసి ఒక్క ముక్క చెబితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?” అందావిడ. ఫోను చేతిలోకి తీసుకున్నాడు కూడా. పరీక్ష ముందు మనిషిని కంగారు పెట్టకూడదని తనకు తనే సర్దిచెప్పుకుని పక్కన పెట్టేశాడు. పిరికితనానికి ఆయన పెట్టుకున్న పేరు అది.

శుక్రవారం ఉండబట్టలేక పరుగున పరీక్ష హాలుకి వెళ్లాడు. అప్పటికే గేటు మూసేశారు. మూడు గంటలు మెట్ల మీదే కూర్చున్నాడు. అందరికంటే ముందు ఆమే బయటికొచ్చింది, మొహం వెలిగిపోతూ.

“సార్! మీ లెక్కే వచ్చింది! చెయ్యి 6.24 వైపే లాగింది గానీ, మీరు చెప్పారుగా అని 3.99 వేసేశాను. ఐదు మార్కులు సార్!”

మేష్టారు మెట్ల మీంచి లేచి నిలబడ్డాడు. “నీ జవాబే రైటమ్మా. తప్పు నాది,” అన్నాడు.

“పోనీలెండి సార్, మనుషులన్నాక పొరపాట్లు రావూ,” అని తనే ఆయన్ని ఓదార్చబోయింది. అంతలో ఏదో తట్టినట్టు ఆగింది.

“ఎప్పుడు తెలిసింది సార్?”

అబద్ధం చెప్పొచ్చు. ఇప్పుడే తట్టిందంటే ఆమె నమ్మేస్తుంది కూడా.

“సోమవారం,” అన్నాడు.

ఆమె హాల్ టికెట్‌ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

“అందరి ముందూ చెప్పమని నేను అడిగేదాన్ని కాదు సార్. సింకు దగ్గరకొచ్చి మెల్లగా చెప్పినా సరిపోయేది,” అని మెట్లు దిగి వెళ్లిపోయింది.