పన్నెండు నిమిషాల ఎండ

ఇళ్లకు రంగులేసే ఆయనకు బొమ్మలు వేయడం ఎవరూ నేర్పలేదు. పనిలో మిగిలిన రంగులు, పాత తలుపు చెక్కలు, ఇంట్లో ఒక కిటికీ. అదే ఆయన బడి. ఆ కిటికీలోంచి తూర్పున కొండ కనబడేది. పొద్దున్నే కొండ మీదుగా వచ్చే ఎండ పన్నెండు నిమిషాలు ఒక రంగులో ఉండి, మారిపోయేది. ఆ పన్నెండు నిమిషాల కోసం ఆరేళ్లుగా ఆ కొండనే వేస్తున్నాడు, ఒక్క బొమ్మా పూర్తి చేయలేదు. నిన్నటి ఎండ ఇవాళ ఉండదు కదా, అందుకని నిన్నటి బొమ్మ మీదే ఇవాళ్టిది వేసేవాడు. రంగు పేరుకుని చెక్కలు రొట్టెల్లా మందమెక్కాయి.

"ఆ కొండే విసుగెత్తి లేచిపోతుంది చూడు," అనేది భార్య. ఆమె అదే కిటికీ పక్కన మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. వెలుగు ఆయనకు పిచ్చి, ఆమెకు పని.

కొండ లేవలేదు గానీ, పక్క స్థలంలో గోడ లేచింది. రోజుకు మూడు వరసల ఇటుకలు. కొండ కనబడిన చివరి పొద్దున, ఆయన జీవితంలో మొదటిసారి ఒక బొమ్మ పూర్తి చేసి, మిషను ఎదురుగా మేకు కొట్టి తగిలించాడు.

ఆమె చాలాసేపు చూసింది. "అచ్చం అలాగే ఉంది. కానీ దీని వెలుగులో సూదిలోకి దారం ఎక్కట్లేదయ్యా."

ఆయన మొహం మాడిపోయింది. ఆరేళ్లూ ఎండ రంగు చూశాడే తప్ప, అది ఎవరి చేతుల మీద పడుతోందో చూడలేదు. సిగ్గేసింది.

గోడ ఆరాక, దాన్ని కట్టించిన పక్కింటాయన దగ్గరికి వెళ్లాడు. అతను మురికి కనబడకుండా దానికి ముదురు గోధుమరంగు వేయిద్దామనుకుంటున్నాడు.

"మా వైపు నాకొదిలెయ్యండి బాబూ. రంగు నాదే, చాకిరీ నాదే," అని బతిమాలాడు. పక్కింటాయన నవ్వి సరేనన్నాడు.

మధ్యాహ్నం దాటితే ఎండ తమ ఇంటి మీదుగా వచ్చి ఆ గోడ మీదే పడుతుందని ఈయన లెక్క. తెల్లరంగులో చెంచాడు పసుపురంగు కలిపి పరంజా ఎక్కాడు. ఒక పూత వేసి, సూదీ దారం పట్టుకుని కూర్చున్న భార్యని కిటికీలోంచి కేకేశాడు.

"ఎక్కిందా?"

"లేదు."

మర్నాడు రెండో పూత వేశాడు. నాలుగింటికి గోడ మీది ఎండ గదిలోకి మళ్లింది. మిషను కనబడింది, బట్ట కనబడింది, ఆమె వేళ్లు కనబడ్డాయి. ఆయన కుంచె పట్టుకుని అలాగే చూస్తూ నిలబడిపోయాడు.

"ఎక్కిందా?"

"ఎక్కింది గానీ, కాస్త పక్కకి జరుగు. వెలుగుకి అడ్డొస్తున్నావు."