మండపేట మొక్కు

మా వైపు పొద్దున్నే రోడ్డు మీద ఎవరైనా పరిగెడుతుంటే జనం పక్కకి తప్పుకోరు. ఆపుతారు. "ఏమైందండీ?" అని అడుగుతారు. బస్సు పోయిందా, ఇంట్లో ఎవరికైనా బాగోలేదా, మెళ్ళో గొలుసు ఎవడైనా తెంపుకుపోయాడా? ఇవేవీ కాదంటే మనిషిని పైనించి కిందిదాకా ఒకసారి చూసి, "మరెందుకూ?" అంటారు.

ఆ "మరెందుకూ"కి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, రాజమండ్రి కోటిలింగాల రేవు నించి ధవళేశ్వరం దాకా గోదావరి గట్టు మీద రోజూ పరిగెత్తిన కాలంలో అసలే లేదు. నాకు తెలిసిందల్లా కూర్చోలేకపోవడం. డిగ్రీ అయిపోయింది, బ్యాంకు పరీక్ష రాశాను, ఫలితాలు రావాలి. ఇంట్లో కుర్చీలో కూర్చుంటే కుడికాలు దానంతట అదే ఊగేది. "కాలు ఊపకురా, ఇంటికి మంచిది కాదు" అనేది అమ్మ. ఆపితే ఎడమకాలు అందుకునేది. వీధిలోకి వెళితే ప్రతి అరుగు మీంచీ "ఏమన్నా వచ్చిందా?" అనే ప్రశ్న. పరిగెత్తేవాణ్ణి ఆ ప్రశ్న అడగాలంటే అడిగేవాళ్ళు కూడా పరిగెత్తాలి. అంత ఓపిక మా వీధిలో ఎవరికీ లేదు. నేను పరుగు మొదలుపెట్టడానికి కారణం ఇదే, ఆరోగ్యం కాదు.

గట్టు మీద నాకు ఇద్దరు తోడు దొరికారు. ఒకరు మునిసిపల్ స్కూల్లో డ్రిల్లు టీచరు. పంజాబీ డ్రెస్సు, చున్నీ నడుముకి బిగించి ముడి, మెడలో మంగళసూత్రంతో పాటు ఈల. పెళ్ళికి ముందు జిల్లా పోటీల్లో పరిగెత్తిన మనిషి. మా ఇద్దరికంటే ఎప్పుడూ కరెంటు స్తంభం ఒకటి ముందుండేవారు.

రెండో ఆయన చీరల కొట్టు షావుకారు. నలభై దాటిన మనిషి. కొట్లో తెల్లటి పరుపు మీద మఠం వేసుకుని కూర్చుని, చీర తరవాత చీర విప్పి చూపించడం ఆయన పని. "పదో తరగతి సెలవుల్లో నాన్నగారు కాసేపు కూర్చోమన్నారోయ్," అన్నారు ఒకసారి నాతో. "ఇంతవరకూ లేవలేదు." ఆ మాట ఆయన నవ్వుతూ అనలేదు. నేను నవ్వేశాను, అలవాటు కొద్దీ. ఆయన ఏమీ అనుకోకుండా బూటు తాడు కట్టుకున్నారు.

హైదరాబాదులో మారథాన్ పెడుతున్నారని పేపర్లో చూసి ఆ ముక్క కత్తిరించి తెచ్చింది టీచర్ గారే. నలభై రెండు కిలోమీటర్లట. అంటే రాజమండ్రి నించి మండపేట వెళ్ళి, ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ సగం దారి వెనక్కి రావడం. షావుకారు గారు ఆ ముక్క చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. మర్నాడు ముగ్గురికీ రైలు టికెట్లు తెచ్చేశారు. అప్పటికి ఆయన పరుగులో ధవళేశ్వరం బ్యారేజీ దాటి ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

టీచర్ గారు ఒక షరతు పెట్టారు. "ముందు మండపేట దాకా మధ్యలో బండెక్కకుండా వెళ్ళి చూపించాలి. వెళ్ళలేనివాళ్ళు హైదరాబాదు రావద్దు. అక్కడ పడిపోతే మిమ్మల్ని మొయ్యడం నావల్ల కాదు."

మండపేట దారిలో కడియం ఉంది. కడియంలో, కాలవ రోడ్డు మీదే, షావుకారు గారి అక్కగారిల్లు ఉంది. మా కథంతా అక్కడే చెడింది.

మొదటిసారి మంచినీళ్ళకని ఆగాం. గోదావరి జిల్లాల్లో మంచినీళ్ళు అనే పదార్థం ఒంటరిగా రాదు. దాని వెనక ఉప్మా పెసరట్టు వచ్చింది, అల్లం పచ్చడి వచ్చింది, కాఫీ వచ్చింది, బావగారు వాలుకుర్చీ పట్టుకొచ్చారు. షావుకారు గారు అందులో వాలారు. ఆయన ఆటోలో ఇంటికి చేరేసరికి పక్కన అరటి గెల కూడా ఉంది. రెండోసారి తినేది లేదని ఒట్టు పెట్టుకుని మరీ వెళ్ళారు. కేవలం బూటు తాడు సరిచేసుకోవడానికి అక్కగారి అరుగు మీద కూర్చున్నారు. ఆ సాయంత్రం ఆటోలోంచి ఆవకాయ జాడీతో దిగారు.

వాళ్ళావిడ గుమ్మంలోనే చెప్పేశారు. "మూడోసారి కూడా ఆటోలో దిగితే ఆ బూట్లు స్టీలుసామాన్లవాడికి ఇచ్చి చిల్లుల గరిటె తీసుకుంటాను. అదైనా పూరీలకి పనికొస్తుంది."

ఆయన ఆ రాత్రి నిద్రపోలేదని మర్నాడు మొహం చూస్తే తెలిసింది. "ఈసారి కాకపోతే టికెట్టు రద్దు చేసుకుంటానోయ్. మళ్ళీ గట్టు మీదకి కూడా రాను," అన్నారు. కళ్ళు గోదావరి వైపు ఉన్నాయి. "ఆ గరిటె నాకిప్పించండి, గుర్తుగా ఉంచుకుంటాను," అన్నాను.

కాళ్ళకి బలం రావాలని టీచర్ గారు మమ్మల్ని ఒక ఆదివారం కోరుకొండ తీసుకెళ్ళి కొండ మెట్లు పరిగెత్తించారు. సగం మెట్లెక్కేసరికి షావుకారు గారి మొహం కుంకం రంగుకొచ్చింది. గుండు చేయించుకుని దిగుతున్న ఒక పెద్దావిడ ఆయన్ని చూసి ఆగిపోయారు. "ఏం మొక్కుకున్నావు నాయనా, ఇలా పరుగున ఎక్కుతున్నావు?"

మాట్లాడటానికి ఊపిరి లేక ఆయన "ఆయ్" అన్నారు, అంతే.

ఆవిడ చేతులు జోడించి పక్కకి జరిగారు. పైనించి వస్తున్నవాళ్ళకి కూడా చెప్పారు. మెట్ల పొడుగునా జనం విడిపోయి దారిచ్చారు. ఒక్కడు కూడా "మరెందుకూ?" అనలేదు. షావుకారు గారు ఉబ్బిపోయారు. దిగేటప్పుడు మాతో ఉపాయం చెప్పారు: అక్కకి ఫోన్ చేసి మొక్కు అనేస్తారట. మొక్కులో ఉన్నవాడికి దారిలో ఎవరూ తిండి పెట్టరు, కుర్చీ వెయ్యరు.

"మొక్కు అంటే మరీ ఊరికే వదిలెయ్యరేమోనండీ," అన్నాను.

"నీకు అన్నీ వేళాకోళమే," అన్నారాయన.

మూడోసారి ఇంకా మంచు విడవకముందే బయల్దేరాం. ధవళేశ్వరం, వేమగిరి దాటాం. బంతిపూల గంపలేసుకున్న వ్యాన్లు ఎదురొస్తున్నాయి. ఆయన అడుగు బాగా పడుతోంది. కడియంలో మలుపు తిరిగేసరికి అక్కగారింటి ముందు ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చంకన ఒక్కో బిందె. బిందెలో పసుపు నీళ్ళు, పైన వేపమండలు. బావగారి చేతిలో హారతి పళ్ళెం.

అమ్మవారి జాతర్లో గరగ కుండలు నెత్తిన పెట్టుకొచ్చేవాళ్ళ కాళ్ళ మీద మా వైపు ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు వారుపోస్తారు. మొక్కున్న కాళ్ళు ఇంటిముందుకొస్తే పొయ్యకుండా పంపరు. పాపం ఆయన పెసరట్టుకి మాత్రమే అడ్డుకట్ట వేశారు, నీళ్ళ సంగతి మర్చిపోయారు. వద్దనే లోపు అక్కగారు మొదటి బిందె ఆయన బూట్ల మీద కుమ్మరించారు. "అక్కా, బూట్లే, బూట్లూ!" అంటున్నారీయన. "ఫరవాలేదురా, దేవుడికి తెలుసు," అంటూ ఆవిడ రెండోది అందుకున్నారు. తోడొచ్చిన పుణ్యానికి నాకూ ఒకటి దక్కింది. టీచర్ గారు ఈల ఊదుతూ మురిక్కాలవ దూకి అవతల రోడ్డెక్కేశారు. జిల్లా స్థాయి అంటే ఏమిటో ఆ రోజు అర్థమైంది.

హారతి కళ్ళకద్దుకుని మళ్ళీ మొదలుపెట్టాం. బూట్లు నాలుగూ బచక్ బచక్‌మంటున్నాయి. మొదట నవ్వుకున్నాం. ద్వారపూడి వచ్చేసరికి ఆయన నవ్వడం మానేసి కుంటుతున్నారు. తడి మేజోళ్ళు విప్పి పారేశారు. ఒట్టి కాళ్ళకి బూటు ఒరుసుకుని మడమలు బొబ్బలెక్కాయి. ఊరు దాటాక కల్వర్టు గోడ మీద కూలబడ్డారు.

"అయిపోయిందండీ," అన్నారు టీచర్ గారితో. "మీరిద్దరూ వెళ్ళండి."

వెనక నించి ఒక ఆటో వచ్చింది. చెయ్యెత్తారు. ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి ఆ పచ్చటి బూట్లు చూశాడు.

"పొద్దున్న కడియంలో నీళ్ళు పోయించుకున్న మొక్కాయన మీరే కదండీ?"

"ఆ... అవును గానీ, కాస్త మండపేట దాకా..."

"అమ్మో, నేనెక్కించుకోనండీ. మొక్కు మధ్యలో చెడగొడితే నాకు చుట్టుకుంటుంది. పిల్లలున్నోణ్ణండీ." కూర్చున్నవాళ్ళు కూడా లోపలినించి దణ్ణం పెట్టారు. ఆటో వెళ్ళిపోయింది. ఆ తరవాత వచ్చిన ఆటో ఆగను కూడా లేదు, దూరం నించే దణ్ణం పెట్టి స్పీడు పెంచింది. కబురు మా ముగ్గురికంటే బాగా పరిగెడుతోంది.

నాకు పొట్టచెక్కలయ్యే నవ్వు వచ్చేది, ఆయన మొహం చూడకపోయి ఉంటే. చీర నచ్చక లేచి వెళ్ళిపోయే బేరాన్ని చూస్తున్నట్టు ఆ ఆటో పోయిన వైపు చూస్తున్నారు.

టీచర్ గారు ఆయన ముందుకొచ్చి నిలబడ్డారు. తిడతారనుకున్నాను. నెమ్మదిగానే అన్నారు.

"షావుకారు గారూ, నేను పరుగు మానేసేటప్పుడు అందరూ ఆటో ఆపి ఎక్కించినవాళ్ళేనండీ. అమ్మ, నాన్న, అత్తగారు... ఎంత మర్యాదగా ఎక్కించారనుకున్నారు! ఎక్కించుకోనన్నవాడు ఒక్కడు దొరికి ఉంటే బాగుండేది."

నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉంది. నేను నోరు తెరిచేలోపే ఆవిడ ఈల నోట్లో పెట్టుకుని గట్టిగా ఊది, "అటెన్షన్!" అని అరిచారు. ఎప్పుడో స్కూల్లో నేర్చిన భయం, ఆయన చటుక్కున లేచి నిలబడ్డారు. లేచాక మళ్ళీ కూర్చోవడానికి మొహమాటపడ్డారు.

నడుస్తూ, నాలుగడుగులు పరిగెత్తుతూ, మళ్ళీ నడుస్తూ కదిలాం. "మాట్లాడవోయ్," అన్నారు నాతో. "నువ్వు నోరు మూసుకుంటే నా మడమలు గుర్తొస్తున్నాయి."

ఇన్నాళ్ళూ నన్ను అందరూ నోరు ముయ్యమన్నవాళ్ళే. తెరవమన్న మొదటి మనిషి ఈయన. మాట్లాడాను. క్రికెట్ కామెంటరీలా చెప్పాను. కాలవలో ఈదుతున్న బాతులు మమ్మల్ని దాటిపోతున్నాయని చెప్పాను. వాళ్ళ బావగారు హారతి ఇచ్చేటప్పుడు ఎంత భక్తిగా నిద్రపోతున్నారో చెప్పాను. ఒకచోట నా సరుకంతా అయిపోయింది. ఆయన మడమల వైపు చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పాలి.

"ఫలితాలు మొన్న వచ్చేశాయండీ," అన్నాను. "నా నంబరు లేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

"పక్కకి రా, ఇసక లారీ వస్తోంది," అన్నారాయన.

పక్కకి జరిగాం. లారీ వెళ్ళింది. దుమ్ము తగ్గాక ఆయన అడిగారు.

"మళ్ళీ పరీక్ష ఎప్పుడు?"

"వచ్చే ఏడండీ."

"అయితే ఏడాది పొడుగునా పొద్దున్నపూట ఖాళీయే కదా," అన్నారు. "మంచిదే. నేనొక్కణ్ణీ గట్టు మీదకి వెళ్ళాలేమోనని బెంగగా ఉంది."

అప్పుడే గమనించాను, గట్టు మీదకి ఇక రానన్న మనిషి ఆ మాట ఎప్పుడో మర్చిపోయారని. గుర్తుచెయ్యలేదు. అంత బుద్ధి నాకు అరుదుగా ఉంటుంది.

మండపేట రైసు మిల్లుల ఊక దుమ్ము ముక్కుకి తగిలాక టీచర్ గారు ముందుకెళ్ళడం మానేసి మా ఇద్దరి మధ్యలోకి వచ్చారు. ముగ్గురం ఒకే వరసలో ఊళ్ళోకి వెళ్ళాం. పరుగు అని ఒట్టేసి చెప్పలేను, నడక మాత్రం కాదు.

సెంటర్లో షావుకారు గారి భార్య నిలబడి ఉన్నారు. వదినగారు ఫోన్‌లో మొక్కు సంగతి చెప్పారట, కొబ్బరికాయ సంచీలో పెట్టుకుని బస్సెక్కి వచ్చేశారు.

"ఏ గుడండీ?" అన్నారు భర్తతో.

ఆయన టీచర్ గారి వైపు చూశారు. టీచర్ గారు నా వైపు చూశారు. దేవుడి పేరు మేం ముగ్గురం ఎక్కడా అనుకోలేదు. నేను రోడ్డుకి అవతల ఉన్న చిన్న వినాయకుడి గుడి చూపించాను. "అదేనండీ. మొదటినించీ అదే." దానికి తాళం వేసి ఉంది. పూజారి గారు టిఫినుకి వెళ్ళారట. ఆవిడ తాళాన్నీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, ఏమీ అడక్కుండా గుడి మెట్టు మీద కొబ్బరికాయ కొట్టారు. మూడు ముక్కలు చేసి ముగ్గురికీ ఇచ్చారు. తరవాత కిందికి వంగి భర్త బూట్లు తనే లాగారు. రెండు మడమల మీదా తోలు లేదు. పాదాలు పెళ్ళికొడుకు పాదాల్లా పచ్చగా ఉన్నాయి. చాలాసేపు చూశారు.

"ఇంత పసుపయ్యాక ఈ బూట్లు ఎవడు తీసుకుంటాడండీ? స్టీలుసామాన్లవాడు గరిటె కాదు కదా చెంచా కూడా ఇవ్వడు," అన్నారు. "ఇంక మీరే తొడుక్కోండి."

ఆయన కొబ్బరి ముక్క నోట్లో పెట్టుకుని గుడి వైపు తిరిగారు. దణ్ణం పెడుతున్నారేమో అనుకున్నాను. కళ్ళు తుడుచుకుంటున్నారు. ఊక దుమ్ము అన్నారు. మండపేటలో అది నమ్మదగిన కారణమే.

హైదరాబాదు కూడా వెళ్ళాం. పూర్తి చేశాం. అక్కడ అడుగడుగునా నీళ్ళిచ్చారు, ఎవరూ కాళ్ళ మీద పొయ్యలేదు. అందుకేనేమో నాకు ఆ పరుగు అంతగా గుర్తులేదు.

మండపేట నించి బస్సులో తిరిగి రావడం మాత్రం బాగా గుర్తు. ఇంటికెళ్ళి నంబరు లేదని చెప్పాలి. ద్వారపూడి దాటేసరికి నా కుడికాలు ఊగడం మొదలైంది. ఆపుదామని చూశాను, ఆగలేదు. సీటు ఇంకా ఎక్కువ ఊగుతోందేమిటా అని పక్కకి చూస్తే, కిటికీలోంచి కాలవ గట్టునే చూస్తూ షావుకారు గారు కూడా పచ్చటి పాదం ఊపేస్తున్నారు.

"ఇద్దరూ కాళ్ళు ఆపండి," అన్నారు వెనక సీట్లోంచి టీచర్ గారు. "రేపు పొద్దున్న గట్టు మీద ఊపుదురుగాని."