ఖాళీ కాగితం కింద సంతకం

ఇస్త్రీ బల్లల దగ్గర ఆవిరి లేచి తడిగుడ్డ వాసన హాలంతా పరుచుకునే వేళకి నేను రోజూ నా బల్ల దగ్గర ఉంటాను. బర్మాలో, లైంగ్‌థార్యార్ అనే ఫ్యాక్టరీల పేటలో మాది జాకెట్లు కుట్టే ఫ్యాక్టరీ. మంచు కురిసే దేశాలకి వెళ్ళే దళసరి జాకెట్లు. మేము చెమటలు కక్కుకుంటూ కుడతాం. కుట్టినవాటిలో లోపాలున్నాయేమో చూసి, బాగున్నాయని కాగితం మీద సంతకం పెట్టడం నా పని. ఈ పొద్దున నేను వచ్చేసరికి బల్ల మీద పదకొండు తనిఖీ కాగితాలు పెట్టి ఉన్నాయి. అన్నీ ఖాళీవే. కొత్త మేనేజరు మర్యాదస్తుడు, గొంతు పెంచడు. సాయంత్రానికి లారీ కదలాలని, ముందు సంతకాలు పెట్టేస్తే వివరాలు తర్వాత నింపుకుంటామని చెప్పాడు. వెళ్తూ వెళ్తూ నా కాంట్రాక్టు ఈ నెలాఖరుతో అయిపోతుందన్న సంగతి గుర్తు చేశాడు.

పెన్ను మూత తీశాను. అబద్ధమెందుకు, తీశాను. తాకేటా పేటలో మా ఇల్లు, అమ్మ మందులు అన్నీ నా జీతం మీదే నడుస్తున్నాయి. రెండో చెయ్యి ఊరికే ఏప్రాన్ జేబులోకి పోయింది. అక్కడ నీలం సుద్దబిళ్ళ ఒకటి ఉంటుంది, గుడ్డ మీద గీతలు గీసుకునేది. అరిగి అరిగి గోరంత అయింది. దాన్ని నాకిచ్చిన మనిషి పోయిన వానాకాలంలో మనీలాలో చనిపోయింది. ఆవిడ్ని ఎరగనివాళ్ళకి ఆవిడ సంగతి చెప్పాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

ఆవిడ పేరు నీటా. మేమంతా సయామా అనేవాళ్ళం, అంటే టీచరమ్మ. నేను మొదట పనిచేసిన ఫ్యాక్టరీకి నాణ్యత చూసే పెద్దగా ఫిలిప్పీన్స్ నుంచి వచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టిగా ఉండేది, కళ్ళజోడు తాడుకి కట్టి మెడలో వేసుకునేది. వచ్చీరాని బర్మీస్‌లో ఇంగ్లిష్ కలిపి మాట్లాడేది. నా పేరు పార్వతి అంటే నోరు తిరగక, అందరిలాగే మ పా అని పిలిచింది; మ అంటే ఇక్కడ ఆడవాళ్ళ పేరు ముందు పెట్టే మాట. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. తనిఖీ అమ్మాయిలం అయిదుగురం, పొద్దున్నే తలో పది కాగితాలకి ఖాళీగానే సంతకాలు పెట్టేసి పెట్టుకునేవాళ్ళం. సరుకు పెట్టెల్లోకి వెళ్ళే హడావిడిలో అరగంట మిగిలేది. ఆ అరగంటలో లఫె తొ, అంటే టీ ఆకు సలాడ్, తినేవాళ్ళం. అది తప్పని మాకు తోచనే లేదు. తెలివి అనుకున్నాం.

ఒకరోజు సయామా నా బల్ల దగ్గర ఆగి, నేను సంతకం పెట్టి ఉంచిన ఖాళీ కాగితం ఒకటి తీసుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కళ్ళజోడు పెట్టుకుని, నా కళ్ళముందే ఆ కాగితం నింపింది. "వంద జాకెట్లు చూశాను. ప్రతి జాకెట్‌కీ మూడు చేతులున్నాయి. అన్నీ చక్కగా ఉన్నాయి." కింద నా సంతకం ఎలాగూ ఉంది. దాన్ని గోడకి అంటించి వారం రోజులు తీయనివ్వలేదు. హాలంతా నవ్వింది. తర్వాత నెల్లాళ్ళు నేను కనిపిస్తే చాలు, మూడో చెయ్యేదీ అని అడిగేవాళ్ళు.

ఆ రోజు ఇంటికెళ్ళి ఏడ్చాను. అమ్మకి నా ఏడుపు కన్నా దాని కారణం వింతగా తోచింది.

"కాయితం మీద పేరు రాసినందుకు ఇంత ఏడుపేటే? మీ ముత్తాత తెల్లకాయితం మీద ఏలిముద్ర ఏసీసినాడు. అందులో ఏటి రాసినారో సచ్చినదాకా ఆ ముసిలోడికి తెల్నేదు. దాని మీదే కదా మనం ఈడకొచ్చి పడ్డాం."

సిక్కోలు పక్క నుంచి కూలీలని పోగేసే మేస్త్రీ వెంట ఓడెక్కి, ఇక్కడి రేవులో మూటలు మోసిన ముత్తాత సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ వేలిముద్ర సంగతి మాత్రం నేను అప్పుడే విన్నాను. మర్నాడు మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుంటూ దాన్ని సయామాకి చెప్పాను, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టడం మా ఇంట్లో ఆనవాయితీ అని నవ్వుతూ. ఆవిడ నవ్వలేదు. చెంచా కింద పెట్టి, నేనూ ఒకసారి పెట్టాను మ పా, అంది.

అప్పుడు చెప్పింది. ఆవిడ చదువు ముగించి మనీలాలో ఒక ప్రభుత్వ బడిలో టీచరుగా చేరేనాటికి దేశం నియంత చేతిలో ఉంది. వాళ్ళ దేశంలో ఎన్నికలొస్తే బడి టీచర్లే పోలింగు చూడాలి, తరగతి గదిలోనే ఓట్లు లెక్కపెట్టాలి. నియంతలకి కూడా అప్పుడప్పుడు ఎన్నికల ముచ్చట తీర్చుకోవాలనిపిస్తుంది. అలాంటి ఒక ఎన్నికలో, ఓట్లు పడకముందే, హెడ్మాస్టరు ఫలితాల కాగితం ఖాళీది తెచ్చి సంతకం పెట్టమన్నాడు. కొత్త ఉద్యోగం, ఇంట్లో నలుగురు చెల్లెళ్ళు. పెట్టింది. ఆ కాగితంలో తర్వాత ఏ అంకెలు నింపారో ఆవిడకి తెలియదు. కానీ ఆ ఎన్నిక తర్వాత వాళ్ళ వీధిలో ఒక బస్సు డ్రైవర్ని, ఎదురు మాట్లాడాడని, సైన్యం పట్టుకుపోయింది. అతను తిరిగి రాలేదు. అతని కూతురు ఆవిడ తరగతిలోనే మూడో వరసలో కూర్చునేది.

"నేను సంతకం పెట్టాక ఆ అబద్ధం ఇక వాళ్ళది కాదు, నాది," అంది సయామా. "ఆ పిల్లకి నేను ప్రతిరోజూ హాజరు వేశాను."

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఆ నియంత తన బలం లోకానికి చూపించుకోవాలని హఠాత్తుగా పెట్టుకున్నవి. ఈసారి సయామా సంతకం పెట్టనంది. ఓట్లన్నీ ఒక్కొక్కటిగా పైకి చదివింది. చదివిన ప్రతి పేరుకీ ఇంకో టీచరు గోడ మీది కాగితంపై గీత గీసింది. నాలుగు నిలువు గీతలు, అయిదోది వాటి మీదుగా అడ్డంగా. కిటికీల్లో వీధి జనమంతా నిలబడి ప్రతి గీతనీ చూశారు. ఇంకా లెక్క పూర్తి కాకుండానే తుపాకులతో మనుషులొచ్చి పెట్టె ఇవ్వమన్నారు. సయామా ఏం చేయాలో తోచక పెట్టె మీద కూర్చుంది. పక్కనున్న ఇద్దరు టీచర్లు ఆవిడ చేతులు పట్టుకుని కూర్చున్నారు. కిటికీల్లో ఉన్నవాళ్ళు గదిలోకి వచ్చి చుట్టూ నిలబడ్డారు. భయం వేయలేదా అని నేను అడిగాను.

"చాలా వేసింది. దానికన్నా పెద్ద బాధ, ఒంటేలుకి వెళ్ళాలి. లేస్తే పెట్టె పోతుంది. నా దేశానికి ప్రజాస్వామ్యం రావడానికి నేను చేసిన పెద్ద త్యాగం అదే."

అంతమంది మధ్యలోంచి పెట్టె లాక్కోలేక తుపాకులవాళ్ళు వెళ్ళిపోయారు, ఆ గదిలో లెక్క నిలిచింది. పై అధికారులు అన్ని గదులవీ కలిపిన లెక్క మాత్రం వేరేగా వచ్చింది, నియంతే గెలిచానన్నాడు. కానీ తమ తమ వీధుల్లో గీతలు కళ్ళారా చూసినవాళ్ళు దేశమంతా ఉన్నారు, వాళ్ళని నమ్మించడం ఎవరి వల్లా కాలేదు. కొద్దిరోజులకి సైన్యంలో ఒక భాగం ఎదురు తిరిగితే, దాన్ని అణచడానికి ట్యాంకులు బయల్దేరితే, జనం నగరంలోని పెద్ద రోడ్డు మీద వాటికి అడ్డంగా నిలబడ్డారు. సయామా పక్కింటావిడతో కలిసి ఒక గిన్నెడు అన్నం మోసుకెళ్ళింది. దారిలో చెప్పు తెగింది. ఒంటికాలి చెప్పుతోనే నాలుగు రోజులూ అక్కడే ఉంది. ఆ అన్నం సగం సైనికులే తిన్నారని, తిన్నాక వాళ్ళు ఎవరి కళ్ళలోకీ చూడలేకపోయారని చెప్పింది. నాలుగో రోజు నియంత దేశం విడిచి పారిపోయాడు. అందరూ పాటలు పాడుతుంటే ఆవిడ నిద్రపోయిందట. బడికి తిరిగి వెళ్ళి, ఆ డ్రైవరు కూతుర్ని పిలిచి, తను చేసిన సంతకం సంగతి చెప్పేసిందట. ఆ పిల్ల ఏమందో మాత్రం నాకు ఎప్పుడూ చెప్పలేదు.

మరుసటి ఏడాది మా ఫ్యాక్టరీలోనే ఎన్నిక వచ్చింది. పనివాళ్ళ తరఫున యాజమాన్యంతో మాట్లాడే ప్రతినిధిని మేమే ఎన్నుకోవాలి. మా తరఫున తీడా నిలబడింది. తండ్రి తెలుగువాడు, తల్లి బర్మీస్. తెలుగు అంతా అర్థమవుతుంది, పలికేది తక్కువ. నన్ను అప్పా అనేది, అక్కా అని. అక్కడి మేనేజరు తన సూపర్‌వైజర్ని నిలబెట్టాడు. ఓట్లు లెక్కపెట్టే ముగ్గురిలో నన్ను వేశారు. ముందురోజు మేనేజరు గదికి పిలిచి ఫలితాల కాగితం ఇచ్చాడు. ఖాళీది. మిగతా ఇద్దరూ అప్పటికే పెట్టేశారు. రేపు పెడతానని చెప్పి బయటపడ్డాను. సయామా దగ్గరికి పరిగెత్తి, లెక్కపెట్టేటప్పుడు మీరు గదిలో ఉంటే చాలు అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఇది మీ పెట్టె మ పా. దాని మీద నేను కూర్చోకూడదు."

నాకు ఒళ్ళు మండింది. ఇన్ని కథలు చెప్పి తీరా సమయానికి చెయ్యిచ్చిందని ఫెర్రీలో దారిపొడుగునా తిట్టుకున్నాను. ఫెర్రీ అంటే ఇక్కడ పడవ కాదు, ఫ్యాక్టరీ బస్సు. ఇంటికొచ్చి అమ్మకి చెబితే అమ్మ బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా అంది: "నువ్వు సదూకున్నావు కదే. సదివి పెట్టు. ఉజ్జోగం పోతే గంజి తాగుదుం."

మర్నాడు కటింగ్ బల్ల మీద పెట్టె పెట్టారు. తలుపు వేయబోతుంటే వద్దన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు, మళ్ళీ అన్నాను. ప్యాటర్న్ గీసే పెద్ద గోధుమరంగు కాగితం గోడకి అంటించి, జేబులోంచి సుద్దబిళ్ళ తీసి, ఒక్కొక్క చీటీ పైకి చదువుతూ గీతలు గీశాను. మొదట తలుపు దగ్గర నలుగురే ఉన్నారు. కాసేపటికి మిషన్లు ఆగిపోయాయి. నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత. మేనేజరు అంతమంది ముందు చేతులు కట్టుకుని నిలబడి తనూ ప్రతి గీతనీ చూశాడు.

తీడా ఏడు ఓట్ల తేడాతో ఓడిపోయింది.

మేనేజరు నవ్వాడు. దీనికా ఇంత గొడవ చేశావు అన్నట్టు చూశాడు. నేను కాగితంలో అంకెలు నింపి, చదువుకుని, సంతకం పెట్టాను. తీడా ముఖం ఎలా చూడాలో తెలియలేదు. తనే వచ్చి నా చేతిలోంచి సుద్దబిళ్ళ తీసుకుని, "అప్పా, అందరూ ఇన్నారు కదా. సాలు," అంది. నాకు చాల్లేదు. మెట్ల కింద కూర్చుని ఏడుస్తుంటే సయామా వచ్చి పక్కన కూర్చుంది.

"లెక్క సరైనదేనా?"

"సరైనదే."

"అయితే వచ్చేసారికి ఎన్ని ఓట్లు కావాలో మీకు తెలిసింది. దొంగలెక్కలో గెలిచినా అది తెలియదు, ఓడినా తెలియదు. నా దేశంలో మేము ఏళ్ళ తరబడి మేమెంతమందిమో తెలియకుండానే బతికాం. ఏడు అన్నది చిన్న అంకె మ పా. లేచి ముఖం కడుక్కో."

ఆ వచ్చేసారి మాకు రాలేదు. అంతలో సైన్యం గద్దెనెక్కి దేశమే తలకిందులైంది. పనివాళ్ళ కమిటీలు పోయాయి, ఫ్యాక్టరీ మూతపడింది. తీడా ఇప్పుడు సరిహద్దు అవతల ఎక్కడో మిషన్ మీద కూర్చుని కుడుతోంది. సయామాని వచ్చెయ్యమని ఆవిడ ఇంటివాళ్ళు రోజూ ఫోన్లు చేశారు. విమానం ఎక్కేముందు మా ఇంటికి వచ్చి, అమ్మ పెట్టిన చేపలపులుసు తిని, కొత్త సుద్దబిళ్ళ ఒకటి నా చేతిలో పెట్టింది. మీరు మళ్ళీ లెక్కపెట్టుకునే రోజున కావాలి కదా అంది. కొంతకాలానికి వాళ్ళ దేశంలో ఆ నియంత కొడుకే ఎన్నికల్లో గెలిచాడని విని, ఓదార్చాలని ఫోన్ చేశాను. ఆవిడే మొదలుపెట్టింది. "ఈసారి ఏడు కాదు మ పా, చాలానే కావాలి," అని నవ్వి, వీధిలో పిల్లల్ని పోగేసి పాత సంగతులు చెబుతున్నానంది. తన ఖాళీ సంతకం కథతోనే మొదలుపెడుతోందట.

ఈ పొద్దున పెన్ను మూత తీసి, పదకొండు కాగితాలనీ ముందుకు లాక్కున్నాను. మొదటి దాని మీద వివరాలు రాసే చోట "ఇంకా చూడలేదు" అని రాశాను. కింద నా పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాను. అలాగే రెండోది. పదకొండూ అయ్యాక తీసుకెళ్ళి మేనేజరు చేతికిచ్చాను. అతను చదివి, తల ఎత్తి, చాలా మర్యాదగా, నెలాఖరు గుర్తుందా అని అడిగాడు. గుర్తుందన్నాను. ఆవిరి వాసనలోకి తిరిగొచ్చి మొదటి పెట్టె విప్పి, మొదటి జాకెట్ తీసి, చేతులు రెండే ఉన్నాయని చూసి, అందరికీ వినపడేలా "ఒకటి" అన్నాను. సుద్దతో బల్ల మీద గీత గీశాను.